‘లోర్నాస్ సైలెన్స్’ చూసినోళ్లు రండి: కాగితం మొగుడు, వీసా సంబంధాలు

కడప_రీలు
పోయిన ఆదివారం ఎర్రముక్కపల్లిలో మా మేడ మీద తెల్ల దుప్పటి కట్టి డార్డెన్ అన్నదమ్ముల ‘లోర్నాస్ సైలెన్స్’ వేశాం. 2008 నాటి సినిమా. బెల్జియంలో లియేజ్ అనే ఊళ్లో జరుగుతుంది. ఆ ఏడాది కాన్ ఉత్సవంలో స్క్రీన్‌ప్లే బహుమతి దీనికే వచ్చింది. చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, కథ మొత్తం చెప్పకుండా దీని గురించి మాట్లాడటం కుదరదు.

లోర్నా అల్బేనియా నుంచి వచ్చిన పిల్ల. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే షాపులో పని. బెల్జియం పౌరసత్వం కోసం క్లాడీ అనే కుర్రాణ్ణి బేరం మీద పెళ్లాడింది. వాడు మత్తుమందుకు బానిస. ఏరి ఏరి అలాంటివాణ్ణే పట్టుకోవడంలో లెక్క ఉంది. ఈ బేరం కుదిర్చిన ఫాబియో అనే టాక్సీవాడు, ఆమెకు కార్డు చేతికొచ్చాక క్లాడీ మందు ఎక్కువై చచ్చిపోయినట్టు చేసి, మొగుడు పోయిన ఆమెను ఒక రష్యావాడికి కట్టబెట్టాలని చూస్తుంటాడు. అంటే మొదటి పెళ్లిలో కొన్న పౌరసత్వాన్ని రెండో పెళ్లిలో అమ్ముతారు. ఆ డబ్బుతో, తను ప్రేమించిన సోకోల్‌తో కలిసి చిన్న టిఫిన్ సెంటర్ లాంటిది పెట్టుకోవాలని ఆమె ఆశ. క్లాడీని చంపబోతున్నారన్న సంగతి క్లాడీకి తప్ప అందరికీ తెలుసు.

సినిమా అయ్యాక మా మేడ మీద ఒక్కరూ బెల్జియం ఊసెత్తలేదు. ఫలానా వాళ్ల అమ్మాయి, ఫలానా వాళ్ల అల్లుడు, ఎవరి సంబంధం ఏ వీసా చూసి కుదిరింది, ఇవే మాటలు. ఒకాయనైతే ‘మన దగ్గర ఫాబియో అక్కర్లేదు, ఆ పని అమ్మానాన్నలే చేస్తారు’ అనేసి చెప్పులేసుకుని పోయినాడు. ఆ మాట నేను ఒప్పుకోను. కానీ ఎందుకు ఒప్పుకోవట్లేదో ఆయనకు సరిగ్గా చెప్పలేకపోయా. మీరేమంటారు?

హగరి_గాలి
అన్నా నేను చూసిన. నిజం చెప్తున్నా, మొదటి అరగంట నిద్రొచ్చింది. పాటలు లేవు సరే, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ కూడా లేదు. ఆ అమ్మాయి బ్యాంకుకు పోతుంది, వస్తుంది, తలుపు తీస్తుంది, తలుపు వేస్తుంది. ఇంక క్లాడీ చచ్చిపోయే సీనే లేదు! వాడు సైకిలెక్కి పోతున్నాడు, ఈమె నవ్వుకుంటూ పక్కన పరిగెత్తింది, టక్కున చూస్తే వాడి బట్టలు ఏరుతోంది. నాకొచ్చిన ఫైల్లో ముక్క ఎగిరిపోయిందేమోనని వెనక్కి జరిపి మళ్లీ చూసిన. అది అంతేనా, లేక నాదే పాడైన కాపీనా?

కడప_రీలు
అంతే తమ్ముడూ, నీ కాపీ బాగానే ఉంది. ఆ బట్టలు శవానికి తొడగడానికి.

ముందు జరిగింది గుర్తు తెచ్చుకో. వాడు మందు మానేస్తానని ఆమె సాయం అడుగుతాడు. ఆమె మొదట విసుక్కుంటుంది. ఇంట్లో పడి ఉన్న సామాను మీద ఉన్నంత పట్టింపు కూడా వాడి మీద ఉండదు. తర్వాత మెల్లగా ఆస్పత్రికి తీసుకుపోవడం, మందులు తేవడం. వాడు మళ్లీ మత్తుకోసం బయటికి పోతానని గింజుకుంటున్న రోజు తలుపు తాళం వేసి, ఇంకేం చెయ్యాలో తోచక వాణ్ణి దగ్గరికి తీసుకుంటుంది. మరుసటి రోజు ఆ సైకిల్, ఆ నవ్వు. మరుక్షణం బట్టలు. చావు చూపించి ఉంటే మనం ఒక నిట్టూర్పు విడిచి ఊరుకునేవాళ్లం. చూపించకపోయేసరికి, మనకు కూడా ముందే తెలుసు కదా, తెలిసీ నోరు మూసుకుని కూర్చున్నాం కదా అనిపించింది నాకు.

రాయచోటి_బాషా
అందరికీ సలాం. నేను సినిమాలు విమర్శించేటోణ్ణి కాదు, కువైట్‌లో చానా ఏళ్లు డ్రైవర్‌గా చేసి వచ్చిన మనిషిని. ఇది మా అల్లుడు ఫోన్లో పెట్టిచ్చినాడు.

మా రాయచోటి, రాజంపేట, కోడూరు పక్కోళ్లకు ఆజాద్ వీసా అంటే ఏందో చెప్పనక్కర్లేదు. తెలియనోళ్ల కోసం చెప్తున్నా. కాగితం మీద నేను ఫలానా అరబ్బు ఇంట్లో డ్రైవర్ని, ఇంటి పనోళ్లకిచ్చే 20 నంబరు వీసా. నిజానికి ఆ ఇంటి గడప తొక్కింది లేదు. పని బయట యాడో చేసుకుంటా, అకామా (అక్కడ ఉండే పర్మిట్) రెన్యువల్ వచ్చినప్పుడల్లా కఫీల్‌కు, అంటే నా వీసాకు పూచీ ఉన్న ఆ అరబ్బుకు, దీనార్లు కడతా. దొరికితే తప్పు ఇద్దరిదీ, విమానం ఎక్కించేది మాత్రం నన్నే. ఆయనకు కోపమొచ్చి ‘పారిపోయినాడు’ అని ఒక కాగితం రాసిచ్చినాడంటే నా పని అయిపోయినట్టే. 2018లో కువైట్ క్షమాభిక్ష పెట్టినప్పుడు మా పక్కోళ్లు చానామంది అట్లాంటి కేసుల నుంచి బయటపడి ఇల్లు చేరినారు. అదీ కాగితం సంబంధమే కదా, తాళి ఒకటే తక్కువ.

సినిమా చూస్తా ఉంటే నాకు వింతనిపించింది ఏందంటే, అక్కడ లెక్క తిరగబడింది. మాకు కాగితం ఎవడి చేతిలో ఉంటే వాడే దొర. సినిమాలో కాగితం ఉన్నది క్లాడీ దగ్గర. పుట్టుకతోనే ఆ దేశం వాడు, ఎవరి ముందూ చెయ్యి చాచే పని లేదు. అయినా వాడంత దిక్కులేనోడు ఇంకొకడు లేడు అందులో. నన్ను వదిలిపోవద్దు, నాకు సాయం చెయ్యి అని పైదేశం నుంచి వచ్చిన పిల్లను బతిమాలుతుంటాడు. అల్బేనియా పిల్ల కఫీల్ మాదిరి కనిపించింది, బెల్జియం వాడు మా మాదిరి కనిపించినాడు.

అనంత_పద్మ
బాషా అన్నా, ఈ మాట నాకు ఎక్కడా తట్టలేదు. నిజమే.

రీలు గారూ, మీ మేడ మీది పెద్దమనిషి మాటకు నేను జవాబు చెప్తా, ఎందుకంటే నేను హెచ్4 మీద, అంటే అమెరికాలో హెచ్1బి ఉద్యోగం చేసేవాళ్ల భార్యకిచ్చే వీసా మీద, పోయి వచ్చినదాన్ని. పెళ్లికి ముందు మా ఆయన్ని చూసింది రెండు సార్లు, రెండుసార్లూ మా ఇంట్లో ఇరవై మంది మధ్యలో. హైదరాబాద్ కాన్సులేట్‌కు పోయేటప్పుడు మా మామగారు పెళ్లి ఆల్బమ్ ఒక్కటే చాలదని శుభలేఖ, కల్యాణమండపం రసీదు కూడా పెట్టించినారు. ఆఫీసరమ్మ అద్దం వెనకనుంచి పెళ్లికి ఎంతమంది వచ్చారు అనడిగింది. సుమారు ఎనిమిది వందలు అన్నా. ఆమె నవ్వి ముద్ర వేసింది. బయటికొచ్చాక నాకు అనిపించింది, వాళ్లకు మా పెళ్లి నిజమని నమ్మకం కలిగించింది మా ఇద్దరి పరిచయం కాదు, అనంతపురంలో భోజనం చేసిపోయిన ఎనిమిది వందల మంది.

ఆ వీసా లేకపోతే మా నాన్న ఆ సంబంధం చేసేవాడా? చేసేవాడు కాదు. అందులో దాపరికం ఏమీ లేదు. అంతమాత్రాన మా నాన్న ఫాబియో అయిపోతాడా? లోర్నా క్లాడీతో కాపురం చెయ్యాలని ఒక్క రోజు కూడా అనుకోలేదు. నేను మూడు సూట్‌కేసుల్లో రోలు రోకలి తప్ప అన్నీ సర్దుకుని పోయినా.

హగరి_గాలి
అక్కా మీ గురించి కాదు గానీ, మ్యాట్రిమోనీ ప్రకటనలు చదవండి ఒకసారి. గోత్రం కంటే ముందు ‘హెచ్1బి, ఐ140 అప్రూవ్డ్’ (గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) అని ఉంటోంది. అబ్బాయి నల్లగుంటాడా తెల్లగుంటాడా, తాగుతాడా, ఏమీ ఉండదు. రేటు కూడా వీసా బట్టే. సిటిజన్ అయితే ఒక కట్నం, గ్రీన్‌కార్డ్ అయితే ఒకటి, స్టూడెంట్ అయితే ‘చూద్దాంలే’. ఫాబియో కనీసం మర్యాదస్తుడి వేషం వెయ్యలేదు.

తుంగభద్ర_వకీలు
కర్నూలు కోర్టులో నల్లకోటు వేసుకుని తిరిగేవాణ్ణి కాబట్టి కొంచెం చట్టం మాట్లాడతా, ఓపిక పట్టండి.

హగరి తమ్ముడు రెండు వేర్వేరు సంగతులు కలిపేస్తున్నాడు. లాభం చూసుకుని పెళ్లి చేసుకోవడం నేరం కాదు, ఏ దేశంలోనూ. ఆస్తి చూసి, ఉద్యోగం చూసి, వీసా చూసి చేసుకుంటారు. అది మంచిదా చెడ్డదా అనేది వేరే చర్చ. అమెరికా చట్టం అడిగే ప్రశ్న ఒక్కటే: తాళి కట్టే సమయానికి ఇద్దరికీ కలిసి బతకాలనే ఉద్దేశం ఉందా లేదా. ప్రేమ ఉందా అని అడగదు. అక్కడి అప్పీలు కోర్టు 1975లో బార్క్ కేసులో ఈ సంగతి తేల్చింది. తర్వాత విడిపోయినా సరే, మొదట్లో ఆ ఉద్దేశం ఉంటే అది నిజమైన పెళ్లే. పద్మమ్మగారి పెళ్లి ఆ పరీక్షలో నిక్షేపంగా నెగ్గుతుంది.

దీనికి పాత కథ ఒకటి ఉంది. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక, సైనికులు విదేశాల్లో చేసుకున్న భార్యల్ని సులువుగా తెచ్చుకోవడానికి అమెరికా 1945లో ఒక చట్టం చేసింది. దాన్ని అడ్డం పెట్టుకుని, ఒక కుటుంబం తమవాళ్లయిన పోలండ్ శరణార్థులకు మాజీ సైనికులతో పారిస్‌లో పెళ్లిళ్లు జరిపించి తీసుకొచ్చింది. ఆ జంటలు కాపురం చేసింది లేదు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయి 1953లో శిక్షలు ఖాయమయ్యాయి. లుట్వాక్ కేసు అంటారు. పారిస్‌లో ఆ పెళ్లి చెల్లుతుందా చెల్లదా అన్నది మాకు అనవసరం, కలిసి ఉండే ఉద్దేశం లేకుండా ఉన్నట్టు చెప్పి దేశంలోకి రావడమే కుట్ర అంది కోర్టు.

1986లో ఇంకా బిగించారు. పెళ్లై రెండేళ్లు నిండకుండా గ్రీన్‌కార్డ్ వస్తే అది షరతులతో కూడిన రెండేళ్ల కార్డే. గడువు తీరే ముందు 90 రోజుల్లో మళ్లీ ఇద్దరూ కలిసి, కాపురం నిజమేనని రుజువులు పెట్టి షరతు తీయించుకోవాలి. దొంగ పెళ్లని తేలితే అయిదేళ్ల వరకు జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా. అంతకంటే పెద్ద దెబ్బ ఏమిటంటే, ఒకసారి ఆ ముద్ర పడితే తర్వాత నిజంగా ఎవర్ని పెళ్లాడినా ఆ మనిషి పేరు మీద వేసే వలస పిటిషన్ ఆమోదించరు. జన్మకు అంతే.

డల్లాస్_ఆదోని
సొంతూరు ఆదోని, ఉండేది డల్లాస్. వకీలు గారు చెప్పిన జరిమానా సంగతి ఇక్కడ అందరికీ తెలుసు, అయినా ఆలోచన రాకుండా ఉండదు. ఎందుకో చెప్తా. ఉద్యోగం పోతే హెచ్1బి వాడికి 60 రోజులు. ఆలోపు ఇంకో కంపెనీ దొరకాలి, లేదంటే సర్దుకోవాలి. గ్రీన్‌కార్డ్ లైన్లో ఒక్కో దేశానికి ఏడు శాతం అని పరిమితి. ఇండియాకూ అంతే, చిన్న దేశానికీ అంతే. మా సీనియర్లు లైన్లో నిలబడి జుట్టు తెల్లబడిపోయినారు.

నా పాత రూమ్‌మేట్‌కు లేఆఫ్ అయినప్పుడు ఎవరో ఒక ‘దారి’ చెప్పినారు. సిటిజన్ అమ్మాయి ఉంది, ఇంత ఇవ్వాలి, రెండేళ్లు ఒకే అడ్రస్ మీద ఉత్తరాలు రావాలి, అంతే అని. వాడు కలవడానికి పోయినాడు. తోడు రమ్మంటే నేను కార్లోనే కూర్చున్నా. కాఫీ షాపు అద్దంలోంచి కనిపిస్తూనే ఉన్నారు. ఆమె పక్కన నాలుగైదేళ్ల పిల్లాడు, స్ట్రా పేపరు చింపి ముక్కలు చేసి టేబుల్ మీద వరస పెడుతున్నాడు. మావాడు తిరిగొచ్చి చాలాసేపు కారు తియ్యమని కూడా అనలేదు. తర్వాత చెప్పినాడు: ఆమె వీసా గురించి ఒక్క ముక్క అడగలేదంట. ‘డబ్బు ఒకేసారి ఇస్తావా? మూడు నెలల అద్దె బాకీ ఉంది’ అని అడిగిందంట. వాడు పెళ్లి వద్దనుకుని సామాను సర్దుకుని ఇండియాకు పోయినాడు, ఇప్పుడు బెంగళూరులో ఉన్నాడు.

క్లాడీని చూస్తున్నంతసేపూ నాకు ఆ అద్దె బాకీ అమ్మాయే గుర్తొచ్చింది. మన కథల్లో వీసా కోసం ఏడ్చేవాడే హీరో. పేరు అద్దెకిచ్చే మనిషి ఎందుకు ఇస్తున్నాడో ఎవరూ అడగరు.

పెన్న_ఒడ్డు
ఆ డార్డెన్ అన్నదమ్ములకు కథ తట్టింది కూడా అక్కడినుంచే. మత్తుకు బానిసైన తమ్ముడికి ఇలాంటి పెళ్లి బేరం వచ్చిందని ఒకామె చెప్పగా విన్నామని వాళ్లే ఇంటర్వ్యూల్లో చెప్పినారు.

అయితే నాకు ఈ చర్చలో ఒక వైపే వినిపిస్తోంది. కాగితం పెళ్లి అనగానే మాఫియా, జైలు, డబ్బు. 1935 నాటి సంగతి వినండి. జర్మన్ రచయిత థామస్ మాన్ కూతురు ఎరికా మాన్ నాజీలను ఎగతాళి చేసే నాటకాలు వేసేది. దేశం వదిలి పారిపోయింది, జర్మన్ పౌరసత్వం పోయే పరిస్థితి. ఇంగ్లిష్ కవి ఆడెన్‌కు ఆమెతో ముందు పరిచయం కూడా లేదు, ఆమెకు బ్రిటిష్ పాస్‌పోర్ట్ రావడం కోసం పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరికీ తెలుసు అది కాపురం కాదని, ఒక్కనాడూ కలిసి ఉండలేదు. విడాకులూ తీసుకోలేదు, 1969లో ఆమె చనిపోయేదాకా చట్టం ప్రకారం భార్యాభర్తలే. వకీలు గారి పరీక్ష పెడితే ఇద్దరూ ఫెయిలు. నాకైతే ఆయన చేసిన మంచి పనుల్లో అదొకటి.

తుంగభద్ర_వకీలు
ఫెయిలే. నేను ఆయన వకీలునై ఉంటే నిద్రపట్టేది కాదు, ఫీజు మాత్రం తీసుకునేవాణ్ణి కాదు. లుట్వాక్ కేసులో వచ్చినవాళ్లూ శరణార్థులే అన్నది మర్చిపోవద్దు.

సాయి_ఎంబీఏ (కొత్త సభ్యుడు)
నమస్తే అండి. చర్చ బాగుంది. ఐఈఎల్‌టీఎస్‌లో 7 బ్యాండ్ వచ్చి కెనడా లేదా యూకే వెళ్లే అమ్మాయి ఎవరైనా ఉంటే చెప్పగలరు. ఫీజు, టికెట్, అన్ని ఖర్చులూ అబ్బాయి వైపే. కులం పట్టింపు లేదు. అక్కడికి వెళ్లాక ఎవరి దారి వారిదైనా అభ్యంతరం లేదు. వివరాలకు ఫోన్ నంబరు

మోడరేటర్
నంబరు తీసేశాను. ఇది పెళ్లిళ్ల పేరయ్య వేదిక కాదు. పోస్టు మాత్రం ఉంచుతున్నా, జవాబులు ఎలాగూ వస్తాయి కాబట్టి.

హగరి_గాలి
ఒరే నాయనా, మేము ఇంతసేపూ మాట్లాడింది దేని గురించి అనుకున్నావురా 😂 కులం పట్టింపు లేదంట, ఎంత అభ్యుదయం!

తుంగభద్ర_వకీలు
నవ్వకండి, చెప్పాల్సింది చెప్దాం. సాయీ, ఇది పంజాబ్‌లో ఎప్పటినుంచో నడుస్తున్న బాట, ఎందరో అక్కడ డబ్బు పోగొట్టుకుని పోలీసు స్టేషన్ల చుట్టూ తిరిగారు. యూకే సంగతి: 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ కోర్సులో చేరే విద్యార్థి భార్యనో భర్తనో వెంట తీసుకుపోవడానికి లేదు. కెనడా కూడా విద్యార్థుల జీవిత భాగస్వాములకు ఇచ్చే వర్క్ పర్మిట్లు బాగా తగ్గించేసింది. దరఖాస్తులో అబద్ధం చెప్పినట్టు తేలితే అయిదేళ్లు ఆ దేశంలో అడుగు పెట్టనివ్వరు.

ఇంక ‘ఎవరి దారి వారిది’ అన్నావు చూడు, అక్కడ ఉంది అసలు చిక్కు. నువ్వు కాగితం పెళ్లి అనుకుంటావు, మన కోర్టుకు అది పెళ్లే. బయటపడాలంటే విడాకులు తీసుకోవాలి. ఇద్దరూ ఒప్పుకుని హిందూ వివాహ చట్టం 13బి కింద వేసినా, ముందు ఏడాది విడిగా ఉండాలి, వేశాక మామూలుగా ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలల్ని తగిన కేసుల్లో కోర్టు మినహాయించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది, అది నీ హక్కు మాత్రం కాదు. ఈలోపు నీకేమైనా అయితే, వీలునామా లేకపోతే మీ నాన్న కొనిచ్చిన ఇంటి స్థలంలో మీ అమ్మతో పాటు ఆ అమ్మాయికీ వాటా వస్తుంది. ఆమెకు ఏమైనా అయితే పోలీసులు మొదట తలుపు కొట్టేది మీ ఇంటిదే.

సాయి_ఎంబీఏ
మా ఫ్రెండ్ కోసం అడిగానండి.

అనంత_పద్మ
ఫ్రెండ్‌కు నా నమస్కారాలు చెప్పు బాబూ.

ఇప్పుడు సినిమాలో నాకు నచ్చని సంగతి. క్లాడీని చంపకుండా ఆపాలంటే రష్యావాడి పెళ్లికి లోర్నాను వేరే దారిలో ఖాళీ చెయ్యాలి, అంటే విడాకులు తొందరగా రావాలి. అందుకని నన్ను కొట్టు అని క్లాడీని అడుగుతుంది. వాడు కొట్టనంటాడు. అప్పుడు తనకు తానే దెబ్బలు తగిలించుకుని, మొగుడు కొట్టాడని సాక్ష్యం తయారు చేసుకుంటుంది. ఆ సీన్ చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది. టెక్సాస్‌లో మా అపార్ట్‌మెంట్లో ఒక పిల్ల ఉండేది, మన సీమ పిల్లే. నిజంగా దెబ్బలు తిని, పొడుగు చేతుల స్వెటర్ వేసుకుని ఎండాకాలం లాండ్రీ రూముకు వచ్చేది. ఎవరికీ చెప్పదు, చెప్తే వీసా పోతుందని భయం, వీసా మొగుడిది కదా. ఆమెను నమ్మేవాడే లేడు. ఇక్కడేమో గోడకు కొట్టుకున్న దెబ్బకు విడాకులు చేతికొచ్చాయి.

కడప_రీలు
అమ్మా, మీ కోపం న్యాయమే. కానీ ఆమె అబద్ధం ఆడింది వాడి ప్రాణం కాపాడటానికి. సినిమా మొత్తంలో ఆమె తన లాభం కోసం కాకుండా చేసిన మొదటి పని ఈ అబద్ధమే. అంతవరకూ ఆమె చెప్పినవన్నీ కాగితం ప్రకారం నిజాలు: మేము భార్యాభర్తలం, ఒకే ఇంట్లో ఉంటాం.

అనంత_పద్మ
అది మీకు కథగా బాగుంది. నాకు ఆ స్వెటర్ పిల్ల గుర్తొస్తే మాత్రం బాగాలేదు. రెండూ ఉండనివ్వండి.

హగరి_గాలి
ఇదే సబ్జెక్టుతో సరదా సినిమా కూడా ఉంది కదన్నా, ‘గ్రీన్ కార్డ్’ అని 1990ది. మొన్న చూసిన. న్యూయార్క్‌లో ఒకమ్మాయికి మొక్కలు పెంచుకునే అద్దాల గది ఉన్న ఫ్లాట్ కావాలి, దంపతులకే ఇస్తామంటారు. ఫ్రెంచివాడికి అక్కడే ఉండిపోవాలి. పెళ్లి చేసుకుంటారు, విడిపోతారు, అధికారులు తనిఖీకొచ్చేసరికి మళ్లీ ఒక ఇంట్లో చేరి ఒకరి గురించి ఒకరు బట్టీ పడతారు. చివరికి వాడు ఆమె మొహానికి రాసుకునే క్రీము పేరు దగ్గర దొరికిపోతాడు. నేనైతే పడీపడీ నవ్విన. మా నాన్నను అడగాలి, మా అమ్మ ఏ క్రీము రాసుకుంటుందో. ఆయన్ని అదేరోజు దేశం నుంచి పంపించేస్తారు 😀

కడప_రీలు
పీటర్ వీర్ తీసిన సినిమా. బాగుంటుంది, దానికి గోల్డెన్ గ్లోబ్ కూడా వచ్చింది. కాకపోతే అందులో ఇద్దరికీ తిండికి లోటు లేదు. ఫ్లాట్ పోతే ఆమెకు ఇంకో ఫ్లాట్ దొరుకుతుంది, వాణ్ణి పంపిస్తే ఫ్రాన్స్‌కు పోతాడు. ఎవరూ చావరు. అందుకే నవ్వగలిగాం. క్లాడీని ఎవరైనా అలా కూర్చోబెట్టి లోర్నా సంగతులు అడిగి ఉంటే గడగడా చెప్పేవాడు. ఆమెను చూస్తూ కూర్చోవడం తప్ప వాడికి వేరే పని ఏముంది?

రాయచోటి_బాషా
మీరంతా ఫాబియోను తిడుతున్నారు, ఆ సోకోల్ గాణ్ణి ఒక్కరూ ఏమీ అనలేదేంది? వాడికి అంతా తెలుసు. ప్రేమించిన పిల్ల ఇంకొకడి ఇంట్లో ఉంటే, ఆ ఇంకొకణ్ణి చంపబోతుంటే, వాడు కొట్టుకు జాగా ఎంత, అద్దె ఎంత అని లెక్కలు. మా ఊళ్లో కూడా ఉన్నారు, పెళ్లాన్ని ఖాదిం (ఇంటి పనిమనిషి) వీసా మీద పంపించి, ఆమె పంపిన డబ్బుతో స్లాబు వేసి, ‘మా ఆవిడ అక్కడ బాగుంది’ అని అరుగు మీద కూర్చుని చెప్పేవాళ్లు. ఆమె బాగుందో లేదో అడిగే ఫోను చేసేది మాత్రం నెలాఖరుకే.

పెన్న_ఒడ్డు
భాయ్, నూటికి నూరుపాళ్లు. ఫాబియోది వ్యాపారం, దాచుకోడు. సోకోల్‌ది ప్రేమ అనే పేరు.

హగరి_గాలి
సరే, క్లైమాక్స్ ఎవరైనా చెప్పండి. డాక్టరు కడుపు లేదంటాడు, ఈమె ఉందంటుంది. క్లాడీ బిడ్డ అంటుంది. కారులో తీసుకుపోతున్న ఫాబియో మనిషిని రాయితో కొట్టి అడవిలోకి పరిగెత్తి, పాడుబడ్డ గుడిసెలో దూరి, లేని బిడ్డతో మాట్లాడుకుంటూ పడుకుంటుంది. ఉన్నట్టుండి పియానో వినబడింది, అయిపోయింది. పిచ్చి పట్టిందనా?

కడప_రీలు
అది బీథోవెన్ చివరి పియానో సొనాటా. అంతసేపూ సంగీతం లేకుండా లాక్కొచ్చి అక్కడ వదిలారు. పిచ్చి అని నేననుకోను. ఒక మనిషి తన వల్ల పోయాడని ఆమెకు తెలుసు, ఆ లెక్క తీర్చే చోటు ఎక్కడా లేదు, అందుకని బిడ్డ రూపంలో మోస్తోంది. మా మేడ మీద సగం మంది పిచ్చే అన్నారు లెండి.

అనంత_పద్మ
నాకు వేరే సందేహం. ఆమె దగ్గర బెల్జియం కార్డు ఉంది కదా. ఆ దేశం మనిషే ఇప్పుడు. అడవిలోకి ఎందుకు పోవడం, రోడ్డెక్కి పోలీసులకు చెప్పొచ్చు కదా, ఫాబియో మా ఆయన్ని చంపాడు అని?

తుంగభద్ర_వకీలు
పద్మమ్మా, ఇక్కడే దర్శకులు తెలివిగా ముడి వేశారు. బెల్జియం సివిల్ కోడ్‌లో 146బిస్ అని ఒక నిబంధన ఉంది, 1999లో చేర్చారు. కలిసి బతికే ఉద్దేశం లేకుండా, నివాస హక్కు కోసమే చేసుకున్నది అసలు పెళ్లే కాదంటుంది అది. ఆమె పోలీసుల ముందు నోరు తెరిస్తే మొదటి ప్రశ్న ‘ఫాబియో ఎందుకు చంపాడు?’ దానికి జవాబు చెప్పాలంటే తన పెళ్లి సంగతి చెప్పాలి. చెప్పిన మరుక్షణం ఆ పెళ్లి మీద వచ్చిన కార్డు చేతిలో ఉంటుందన్న భరోసా లేదు. పైగా హత్య సంగతి ముందే తెలిసిన మనిషి ఆమె. సాక్షిగా పోతే ముద్దాయిగా మిగులుతుంది. ఫాబియోకు ఆమె నోటి మీద అంత ధీమా ఎందుకంటే, ఆ నోరు తెరుచుకునే ప్రతి దారిలో ఆమె సంతకం ఉంది.

రాయచోటి_బాషా
వకీలు సార్, మీరు బెల్జియం చట్టం చెప్తున్నారు, నాకు కువైట్ ఫర్వానియాలో మా రూము కనిపిస్తోంది. మాతో ఉండే పెయింటర్ ఒకడికి బయట కాంట్రాక్టరు చానా నెలల జీతం ఎగ్గొట్టినాడు. ఎంబసీకి పోదాం రా, నేను బండిలో తీసుకుపోతా అన్నా. వాడు తల అడ్డంగా ఊపినాడు. పోతే మొదట అడిగేది ‘నీ అకామా ఎవరి మీద ఉంది, నువ్వు పని చేసింది యాడ’ అనే కదా, ఆజాద్ వీసా బయటపడుతుంది. ఎగ్గొట్టినోడికి ఆ సంగతి తెలుసు, అందుకే అంత నిమ్మళంగా ఎగ్గొట్టినాడు. వాడు ఆ డబ్బు వదులుకుని ఇంకొక చోట సున్నం పనికి పోయినాడు.